గోల్లో నిలబడేవాళ్ళకీ, బెంచీ మీద కూర్చునేవాళ్ళకీ

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఆడపిల్లల చేత ఆటలాడించి రిటైరైనదాన్ని. ఎక్కువకాలం శ్రీకాకుళం జిల్లాలో, చివర్లో విజయనగరం వైపు పనిచేశాను. కబడ్డీ, ఖోఖో అందరు పీఈటీలూ ఆడిస్తారు. నాకు మాత్రం హాకీ పిచ్చి. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాని 1-0తో ఓడించి సెమీస్‌కి వెళ్ళడం, నాలుగు రోజులకే బ్రిటన్ చేతిలో 3-4తో కాంస్యం చేజార్చుకుని మైదానంలోనే కూలబడి ఏడవడం దేశమంతా చూసింది. ఆ తర్వాత నాకు ఫోన్లు మొదలయ్యాయి. "మేడమ్, మా గుంటని హాకీలో వేద్దామనుకుంటన్నాం, ఏటంటారు?" అని. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇక్కడ వరస పెట్టాను. ఆ జట్టు కెప్టెన్ రాణీ రాంపాల్ కథ అందరికీ తెలుసు. నేను ఎక్కువగా చెప్పేది మన తెలుగు పిల్ల ఎతిమరపు రజని గురించి. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం నుంచి భారత జట్టు గోల్ దాకా వెళ్ళిన పిల్ల. ఆ గోల్ ముందు నిలబడింది ఎంతసేపో, పక్కన కూర్చున్నది ఎంతసేపో లెక్క తీస్తేనే ఈ ఆట అసలు స్వరూపం తెలుస్తుంది.

1. మన నేలకి బరువులు అచ్చొచ్చాయి. దానికి కారణం నీళ్ళలో వెతక్కండి.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకి వెళ్తే ఏ వీధిలో అడిగినా ఒక వెయిట్‌లిఫ్టర్ పేరు చెబుతారు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడోదిగా నిలిచింది, మొదటొచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో ఆ కాంస్యం రజతమైంది. ఇదంతా చూసి మనవాళ్ళు "మన నీళ్ళలోనే ఏదో ఉందండీ" అంటారు. నీళ్ళూ లేదు, నిప్పులూ లేదు. ఒక రేకుల షెడ్డు, ఒక బార్, నాలుగు ప్లేట్లు, నీలంశెట్టి అప్పన్నగారి లాంటి పట్టు వదలని గురువు ఉంటే ఒక్క పిల్లతోనైనా సాధన సాగుతుంది. హాకీ అలా సాగదు. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది కావాలి. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు చదునైన నేల కావాలి. అన్నిటికంటే ముందు, ఆడి ఓడించడానికి పక్క ఊళ్ళో ఇంకో జట్టు ఉండాలి.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 2016 రియో ఒలింపిక్స్‌కి వెళ్ళిన మన మహిళల జట్టు 16 మందిలో నలుగురు ఆ రాష్ట్రంలోని ఒకే జిల్లా వాళ్ళు: దీప్ గ్రేస్ ఎక్కా, సునీతా లాక్రా, నమితా టొప్పో, లిలిమా మింజ్. నలుగురిదీ సుందర్‌గఢ్. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య పోటీలు పెడతారు, గెలిచిన జట్టుకి మేకపోతు బహుమానం. ఆ సాయంత్రమే కూర వండుకుంటారు. మన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో గట్టులెక్కి దిగే పిల్లలకి కాళ్ళలో తక్కువేమీ లేదు. ఆ మేకపోతే తక్కువ.

2. ప్రత్యర్థి కంటే ముందు నేలతో ఆడాలి.

1928 నుంచి 1972 దాకా ప్రతి ఒలింపిక్స్‌లో ఏదో ఒక పతకం తెచ్చిన మన మగవాళ్ళ జట్టు 1976లో మాంట్రియల్‌లో ఏడో స్థానానికి పడిపోయింది. ఒలింపిక్ హాకీని కృత్రిమ టర్ఫ్ మీద ఆడించడం అదే మొదలు. ఆడవాళ్ళ హాకీ ఆ తర్వాతి మాస్కో ఒలింపిక్స్‌లో, 1980లో వచ్చింది. ఆరు జట్లలో మనవాళ్ళు నాలుగోవాళ్ళు. ఆ తర్వాత మళ్ళీ ఒలింపిక్స్ గడప తొక్కడానికి 36 ఏళ్ళు పట్టింది. ఈ వెనకబాటుకి కారణాలు చాలా చెబుతారు గానీ, నన్నడిగితే సగం పాపం నేలది.

మన స్కూలు గ్రౌండు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఎర్రకంకర, గులకరాళ్ళు, ఒక మూల ఎవరో కట్టేసిన గేదె. బంతి ఒక రాయికి తగిలి మోకాలి మీదికి లేస్తుంది, ఇంకో రాయికి తగిలి ఆగిపోతుంది. అందుకని మన పిల్లలు నిటారుగా నిలబడి, కర్ర నిలువుగా పట్టుకుని, బంతి ఎటు గెంతితే అటు వెళ్దామని చూస్తుంటారు. ఆ నేల మీద అది తెలివైన పద్ధతే. టర్ఫ్ మీద మాత్రం అదే కొంప ముంచుతుంది. అక్కడ మ్యాచ్‌కి ముందు మైదానమంతా నీళ్ళతో తడుపుతారు. బంతి గెంతదు, పాములా నేలకి అంటుకుని జారుకుంటూ వస్తుంది. నడుం వంచి, మోకాళ్ళు వంచి, కర్రని దాదాపు పడుకోబెట్టి ఆపాలి. నిటారుగా నిలబడ్డ పిల్ల కర్ర దించేలోపు బంతి వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది. పిల్ల మాత్రం ఇంకా ముందుకే చూస్తుంటుంది. అంతదూరం సెలక్షన్లకి వెళ్ళి మొదటి పది నిమిషాల్లోనే పేరు కొట్టేయించుకుని వచ్చిన పిల్లల్ని చూశాను. ఆట రాక కాదు, ఆ నేల వాళ్ళకి కొత్త.

టర్ఫ్ వేయడం కోట్ల రూపాయల పని, ఏ పీఈటీ చేతిలోనూ లేదు. చేతిలో ఉన్నదొకటుంది. స్కూలు వరండా గచ్చు. సాయంత్రం పిల్లలు వెళ్ళాక దాని మీద రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, టెన్నిస్ బంతితో పాసులు ఇప్పించేదాన్ని. తడి గచ్చు మీద టెన్నిస్ బంతి జారే తీరు టర్ఫ్‌కి కొంచెం దగ్గరగా ఉంటుంది. నడుం వంచకపోతే బంతి అందదు, కాబట్టి నేను గొంతు చించుకోనక్కర్లేదు, గచ్చే చెబుతుంది. హెడ్‌మాస్టర్లకి ఇది నచ్చదు, "వరండా పాడైపోతంది మేడమ్" అంటారు. అననివ్వండి. వీలున్నవాళ్ళు సెలవుల్లో ఒక్క వారమైనా పిల్లల్ని టర్ఫ్ మీద ఆడించడానికి కాకినాడ తీసుకెళ్ళండి. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు జరిగింది అక్కడే.

3. పరుగెత్తలేని పిల్లని గోల్లో పెట్టకండి.

ఇది మన స్కూళ్ళలో పాత జాడ్యం. లావుగా ఉందనో, మెల్లగా ఉందనో, చివర్లో వచ్చిందనో ఒక పిల్లని గోల్లో నిలబెడతారు. ఆ పిల్ల వెనక ఉండేది 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు గోల్. ముందు నుంచి వచ్చేది 160 గ్రాముల గట్టి బంతి. పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్రతో లాగి విసిరే మంచి డ్రాగ్‌ఫ్లికర్ చేతిలోంచి అది గంటకి వంద కిలోమీటర్ల దరిదాపు వేగంతో వస్తుంది. జట్టులో అందరికంటే చురుకైన కాళ్ళూ, అందరికంటే మొండి మనసూ ఉన్న పిల్లకే అక్కడ పని.

గోలీ సరంజామా ఒకసారి దగ్గరగా చూడండి. పాదాలకి బూట్ల మీద తొడిగే పెద్ద పెద్ద ఫోమ్ కిక్కర్లు, మోకాలి పైదాకా లెగ్‌గార్డులు, ఛాతీకి కవచం, మెడకి పట్టీ, తలకి జాలీ హెల్మెట్, రెండు చేతులకీ పలకల్లాంటి రక్షణలు. ఒక్కో బకిలూ బిగించుకునేసరికి పావుగంట. ఆ చెమటకి మూడో వారానికల్లా లోపలి గుడ్డ కంపు కొడుతుంది. ఎండలో ఆరేయకపోతే బూజు. మా స్కూళ్ళలో ఉన్నది ఒకే సెట్టు, అదీ పెద్దవాళ్ళ సైజు. పన్నెండేళ్ళ పిల్ల వేసుకుంటే లెగ్‌గార్డు తొడ దాకా వచ్చి, వంగితే ఛాతీకి గుచ్చుకునేది. ఫోమ్ కోసి తాళ్ళు కుట్టి ఇరుకు చేసుకునేవాళ్ళం.

ఇంకొకటి. మైదానమంతా ఎదురుగా కనపడేది గోలీకి ఒక్కదానికే. "ఎడమ!", "వెనక మనిషి!" అని అరవాల్సింది తనే. మన ఆడపిల్లలకి పదేళ్ళ దాకా "గట్టిగా మాట్లాడకు" అని నేర్పి, పదకొండో ఏట గోల్లో పెట్టి అరవమంటే గొంతు పెగలదు. నేను బంతి కంటే ముందు అరుపు నేర్పేదాన్ని.

4. రెండో గోలీ పని తెలియకుండా ఆటలోకి దిగకండి.

ఇది మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి.

రజని పుట్టింది 1990 జూన్ 9న. హర్యానాలోని సిర్సా జిల్లా నుంచి వచ్చిన సవితా పూనియా పుట్టింది 1990 జులై 11న. నెల తేడా. ఇద్దరూ గోలీలే, ఇద్దరూ ఒకే జట్టు. సవిత ఎలాంటి గోలీ అంటే 2021, 2022, 2023 మూడేళ్ళు వరసగా ప్రపంచంలో అత్యుత్తమ మహిళా గోల్‌కీపర్ అవార్డు తెచ్చుకుంది. ముందున్న మనిషి వయసుమళ్ళి తప్పుకుంటుందిలే, అప్పుడు మన వంతు వస్తుందిలే అనుకునే వీలు కూడా రజనికి లేదు.

హాకీలో ఫార్వర్డ్‌కి గంటకి నాలుగుసార్లు లోపలికి, బయటికి మార్పులుంటాయి. బెంచీ మీదున్నా పది నిమిషాల్లో పిలుపొస్తుంది. గోలీకి అలా రాదు. మొదటి గోలీకి దెబ్బ తగిలితేనో, పూర్తిగా ఫామ్ పోతేనో, లేదా కోచ్ చిన్న మ్యాచ్‌లో అవకాశం ఇస్తేనో తప్ప రెండో గోలీ ఆట మొత్తం ప్యాడ్లు కట్టుకుని కూర్చోవాల్సిందే. ప్రపంచకప్‌లో, ఆసియా క్రీడల్లో 18 మందిని తీసుకెళ్తారు, ఇద్దరు గోలీలకి చోటుంటుంది. ఒలింపిక్స్‌కి 16 మందే. అక్కడ ఒక గోలీతో సరిపెడతారు. 2016 రియోకి ఆ ఒక్క చోటు సవితకి దక్కింది. రజని పేరు రిజర్వుల జాబితాలో ఉంది. టోక్యోకీ రజని ప్రత్యామ్నాయ క్రీడాకారిణే. 2017 నవంబరులో జపాన్‌లోని కకమిగహరాలో ఆసియా కప్ ఫైనల్ షూటౌట్‌లో చైనాని 5-4తో కొట్టిన రోజు జట్టులో ఇద్దరు గోలీలున్నారు. గోల్లో సవిత, బెంచీ మీద రజని. 2018 లండన్ ప్రపంచకప్, అదే ఏడు జకార్తా ఆసియా క్రీడల రజతం, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ కాంస్యం, ఈ జట్లన్నిటిలోనూ రజని ఉంది.

దీన్ని దురదృష్టం అనేవాళ్ళుంటారు. నేననను. రెండో గోలీ చేసే పని ఎంతో చూడండి. మ్యాచ్‌కి ముందు మొదటి గోలీని వేడెక్కించేది తనే. ప్రాక్టీసులో అందరి పెనాల్టీ కార్నర్లూ సగం తన ఒంటి మీదే పడతాయి. ఫ్లికర్లు మెరుగయ్యేది ఆ గోలీని ఓడించాలని పట్టుపట్టడం వల్లనే. అవతలి జట్టు షూటర్ ఎటు తిప్పుతుందో బెంచీ మీద నుంచి చూసి గుర్తుపెట్టుకోవడం, విరామంలో చెప్పడం, ఇవన్నీ స్కోరు కార్డులో ఎక్కడా రావు. అన్నిటికంటే కష్టమైనది, ఇవాళా ఆడనని తెలిసి కూడా పొద్దున్నే ఐదింటికి లేచి, ఆడబోయేదానిలా తయారవడం. షూటౌట్‌లో అవతలి పిల్ల 23 మీటర్ల గీత దగ్గర బంతి అందుకుని ఎనిమిది సెకన్లలో గోల్ కొట్టాలి. ఆ ఎనిమిది సెకన్ల కోసం గోలీ ఏళ్ళు గడిపి ఉండాలి. అవి ఎప్పుడొస్తాయో, అసలొస్తాయో లేదో రెండో గోలీకి ఎవరూ చెప్పలేరు. ఒంట్లో ఆ పదును పోకుండా చూసుకోవడమే తన కెరీర్.

మీ పిల్లని ఆటలో వేసేముందు ఈ ప్రశ్న వేసుకోండి: జట్టులో ఉండి, ఆడకుండా, ముఖం మాడ్చుకోకుండా ఉండగలదా? ఉండలేని పిల్లకి మల్లీశ్వరి ఆటే మంచిది. అక్కడ బార్ ముందు తనొక్కతే.

5. బెంచీ మీద నుంచి కెప్టెన్సీకి దారి లేదనుకోకండి.

2024 జనవరిలో మస్కట్‌లో మొదటిసారి ఐదుగురి హాకీ, అంటే హాకీ-5స్‌లో మహిళల ప్రపంచకప్ పెట్టారు. చిన్న మైదానం, చుట్టూ పలకలు, గోళ్ళు కొరుక్కునేంత వేగం. భారత జట్టు కెప్టెన్ మన రజని. అప్పటికి 33 ఏళ్ళు. క్వార్టర్స్‌లో న్యూజిలాండ్‌ని 11-1తో, సెమీస్‌లో దక్షిణాఫ్రికాని 6-3తో ఓడించి ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడారు. రజతం. మన పత్రికల్లో ఆ వార్తకి ఎంత చోటిచ్చారో చూసినవాళ్ళకి తెలుసు. క్రికెట్ ఐపీఎల్ వేలం వార్తకి అందులో పదింతలుంటుంది.

6. కాగితాలు జాగ్రత్త. పతకం బీరువాలో ఉన్నా పర్లేదు.

టోక్యో తర్వాత, 2021 ఆగస్టులో, రాష్ట్ర ప్రభుత్వం రజనికి 25 లక్షల నగదు, తిరుపతిలో ఇంటిస్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళ సంగతి అది. 2024 అక్టోబరులో మహిళల హాకీ ఇండియా లీగ్ మొదటి వేలంలో ఉదిత అనే డిఫెండర్‌కి 32 లక్షలు పలికింది. అదీ పైవాళ్ళ సంగతే. మన జిల్లా నుంచి రాష్ట్ర జట్టు దాకా వెళ్ళి ఆగిపోయే పిల్లలు వందకి తొంభై తొమ్మిది మంది. వాళ్ళకి ఆట ఇచ్చేది స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగమో, కాలేజీలో ఒక సీటో. ఆ తలుపు తెరిచేది సర్టిఫికెట్.

కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఫారాలు ఇలా ఉంటాయి: దేశం తరఫున ఆడితే ఫారం-1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2, యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3, స్కూలు జాతీయ పోటీలకి ఫారం-4. టోర్నమెంటు అయిపోగానే అక్కడే సంతకం, సీలు వేయించుకోండి. "తరవాత పంపుతాం అమ్మా" అన్నవాళ్ళు ఎవరూ పంపలేదు. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి మారిపోతాడు, సంఘంలో గొడవలొచ్చి రెండుగా చీలుతుంది, ఏ వర్గం కాగితం చెల్లుతుందో కోర్టు తేల్చేలోపు పిల్లకి వయసు దాటిపోతుంది. లామినేషన్ చేయించకండి, సీలు తనిఖీ చేయడానికి వీల్లేదంటారు. జిరాక్సులు మూడు చోట్ల పెట్టుకోండి.

7. హిందీ కొంచెం, బెదురు అసలు లేకుండా.

జాతీయ శిబిరం బెంగళూరులోని సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రంలో ఉంటుంది. కోచ్ విదేశీయుడైనా, జట్టు గదిలో నడిచేది హిందీ. 2007లో వచ్చిన చక్ దే ఇండియా సినిమాలో ఆంధ్రా నుంచి వచ్చిన నేత్రా రెడ్డి అనే పిల్లని పేర్లు రాసుకునే అధికారి తమిళానికీ తెలుగుకీ తేడా ఏమిటని అడుగుతాడు. ఆ పిల్ల పంజాబీకీ బీహారీకీ ఉన్నంత తేడా అని టక్కున చెబుతుంది. మా పిల్లలకి ఆ సీను చూపించేదాన్ని. నవ్వుకునేవాళ్ళు. తర్వాత హిందీలో "ఛోడ్", "పీఛే", "దాయేఁ" అని అరిపించేదాన్ని. మైదానంలో ఆ పాతిక మాటలు వస్తే చాలు, మిగతాది మెస్సులో వస్తుంది.

8. తిండి.

పొద్దున్న ప్రాక్టీసుకి ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలే ఎక్కువ. అమ్మలు ఆరింటికే జీడితోటకో, పొలానికో వెళ్ళిపోతారు. నేను వాళ్ళకి చెప్పిందొకటే: రాత్రే చోడి అంబలి చేసి పెట్టండి, పొద్దున్న మజ్జిగ పోసుకుని తాగొస్తుంది. పౌడరు డబ్బాలు అమ్మేవాళ్ళు ఫోన్లు చేస్తే పెట్టెయ్యండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పక్క పిల్లకి ఇచ్చేస్తోందా, తింటోందా అన్నది పీఈటీ వెళ్ళి కళ్ళతో చూడాలి. నెలసరి రోజుల్లో ఆడొచ్చా అని గుసగుసగా అడుగుతారు. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, లేకపోతే కూర్చోవచ్చు, మగ కోచ్‌కైనా చెప్పొచ్చు. ఇది మొదటి రోజే తేల్చి చెబితే సగం మంది మానేయరు.

9. గోలీ కావాలనుకునే పిల్లకి మొదటి ఆరు నెలలు.

ప్యాడ్లు కొనకండి. ఆ డబ్బుతో మంచి బూట్లు, రెండు డజన్ల టెన్నిస్ బంతులు కొనండి. గోడకి ఐదడుగుల దూరంలో నిలబెట్టి, వెనక నుంచి ఒకరు గోడకేసి బంతి కొట్టాలి. తిరిగొచ్చినదాన్ని పాదం లోపలి అంచుతో పక్కకి తన్నాలి. ముందుకి తన్నకూడదు, ముందు అవతలి ఫార్వర్డ్ కాచుకుని ఉంటుంది. కుడికి వచ్చింది కుడి పాదంతో, ఎడమకి వచ్చింది ఎడమ పాదంతో. తల కదలకూడదు. రోజూ పావుగంట చాలు. రెండో నెల నుంచి గోడకి మరో అడుగు దగ్గరికి జరపండి. నాలుగో నెలకి పిల్ల కళ్ళు మూసుకోవడం మానేస్తుంది. అప్పుడు అసలు బంతి ఇవ్వండి. కళ్ళు మూస్తున్నంత కాలం ఇవ్వకండి.